నాలుగిళ్ళ అవతలికి ఒక ఫైలు

సున్నానే, మళ్ళీ సున్నానే, పొద్దుటి నుంచి ఆ గీత పచ్చగా మారుతుందేమోనని చూస్తుంటే వెంట్రుకవాసి కదల్లేదు, పంపేవాళ్ళు ఒకరు, అందుకునేవాళ్ళు సున్నా అని అడుగున చూపిస్తోంది, అందుకునేవాళ్ళు లేకపోవడమేంది, అందుకునే పిల్ల ఇక్కడికి నాలుగిళ్ళ అవతల లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, ఆ ఇంట్లో వంటవాళ్ళ గరిటెలు గుండిగలకు తగిలే చప్పుడు ఈ గదిలోకి వినబడుతోంది, పోపు వాసన కూడా వస్తోంది, వాసనకు దొరికిన దారి ఈ ఫైలుకి దొరకలేదే అనుకుంటూ చెన్నకేశవులు మెడ మీది చెమట తుడుచుకుని మౌస్‌ని మళ్ళీ నొక్కాడు, నొక్కినా సున్నానే, రెంటచింతల వైపు మే నెల ఎండకి నెత్తి మీద ఫ్యాను కూడా వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది, టైము పదకొండున్నర, నాలుగింటికల్లా ఈపూరు అత్త వెళ్ళిపోతుంది, ఈపూరు అత్త అంటే రమణమ్మ వదినకి తల్లి, ఎనభై దాటిన మనిషి, రెండు కళ్ళూ పోయాయి, కూతురి పెద్దకర్మకని వచ్చి నిన్నటి నుంచి ఒకటే అడుగుతోందట, నా బిడ్డ గొంతు ఒక్కసారి వినిపించండర్రా అని, ఎక్కడి నుంచి తెస్తారు ఆ గొంతు, వదినకి గొంతులో కేన్సరు వచ్చి ఆపరేషనులో స్వరపేటిక తీసేసి ఐదేళ్ళయింది, అన్న కూతురు భవిత చేతికి ఫోను వచ్చింది ఆ తర్వాత, ఆ ఫోను వీడియోల్లో వదిన నవ్వుతుంది, చెయ్యి ఊపుతుంది, పలక మీద రాసి చూపిస్తుంది, మాట్లాడదు, ఆమె మాట్లాడేది ఈ భూమ్మీద ఒక్క చోటే మిగిలింది, చెన్నకేశవులి పెళ్ళి క్యాసెట్టులో, ఇరవై మూడేళ్ళ కిందటిది, బూజు పట్టి పోకముందే మాచర్లలో కంప్యూటర్లు బాగుచేసే మోయిన్ చేత కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్నాడు, నాలుగు గంటల పెళ్ళి, ముప్పై ఎనిమిది జీబీ, వాట్సాప్ మొయ్యనంది, నెట్‌లో దాచే చోట ఉచితంగా ఇచ్చే జాగా సగానికి కూడా చాలలేదు, అందుకని భవితే మూడు రోజుల కిందట ఫోనులో చెప్పి చెప్పి ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది, బాబాయ్, ఇది మధ్యలో ఎక్కడా ఆగదు, నీ కంప్యూటర్లోంచి తిన్నగా నా కంప్యూటర్లోకి వచ్చేస్తది, ఎవరికీ తెలియదు అంది, ఎవరికీ తెలియదన్న మాట ఆ పిల్ల నోటి వెంట కూడా వచ్చింది చూడు, ఇరవై ఏళ్ళు నిండని పిల్ల, నరసరావుపేట కాలేజీలో చదువుకునే పిల్ల, ఊరి రోగం దానికీ అంటింది.

మోయిన్‌కి ఫోను కలిపితే అవతల ఎవరిదో కంప్యూటరు విప్పుతూ స్క్రూ పళ్ళ మధ్య పెట్టుకున్నట్టున్నాడు, మాట నంగిగా వచ్చింది, ఏం కేశవులన్నా, ఇంకా పోలేదా, నాలుగు గంటల్లో నీ పెళ్ళే అయిపోయింది, మూడు రోజులైనా దాని వీడియో గడప దాటలేదంటే ఏమన్నా అనుకుంటారన్నా అని నవ్వాడు, నవ్వే ఓపిక లేక చెన్నకేశవులు ఊ అన్నాడు, సరే చెప్పు, సాఫ్ట్‌వేర్ మొదట తెరిచినప్పుడు ఒక చిన్న బోర్డు వచ్చి ఉండాలి, దీన్ని లోపలికి రానిమ్మంటావా అని అడుగుతది, దానికి ఏం నొక్కావు, గుర్తుంది, ఎందుకు గుర్తుండదు, ఆ బోర్డు మీద ఫైర్‌వాల్ అనే మాట చూడగానే భయమేసి క్యాన్సిల్ నొక్కాను రా, ఎందుకు నొక్కావన్నా, నువ్వేగా చెప్పావు, ఏదడిగినా క్యాన్సిల్ నొక్కు అని, అయ్యో అది బ్యాంకోళ్ళమని వచ్చే దొంగ లింకులకి చెప్పినానన్నా, దీనికి గాదు, క్యాన్సిల్ నొక్కితే అడిగి ఊరుకుందనుకున్నావా, ఈ మనిషి రానివ్వొద్దన్నాడని రాసి పెట్టుకుంటది, పదేళ్ళయినా మర్చిపోదు, మరి నిన్న నువ్వు చెప్పినట్టు ఐదంకెల నంబరు కొట్టి ఆ పోర్టు, అదే ఫైలు పోయే దారి, తెరిచాను గదా, తెరిచినా లాభం లేదన్నా, నువ్వు కింద వందసార్లు రమ్మని రాసినా పైన ఒక్క వద్దు ఉంటే వద్దే గెలుస్తది, ముందు దాన్ని పీకు, అని ఒక్కో మెట్టూ చెప్పించి ఒక పెద్ద జాబితా తెరిపించాడు, వేలు పెట్టి ఒక్కో పేరూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతూ కిందికి వస్తే ఆ సాఫ్ట్‌వేర్ పేరు రెండుసార్లు ఉంది, రెండింటి పక్కనా ఎర్ర గుండ్రం, దాని మధ్యలో అడ్డగీత, తను నొక్కింది ఒక్కసారే, ఒక్కసారి నొక్కినందుకు రెండు వద్దులు రాసి పెట్టుకుంది, రెండూ తీసేశాడు, తీసేస్తుంటే నిజంగా తీసెయ్యమంటావా అని మళ్ళీ అడిగింది, అవునని కొట్టి సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి చూశాడు, సున్నా, అందుకునేవాళ్ళు సున్నా.

అవతల భవిత లాప్‌టాప్ కూడా ఇట్లాగే వద్దని రాసుకుని కూర్చుందేమో, అది చదువుకున్న పిల్ల, దానికి తెలియదా, మూడు రోజుల నుంచి దానికీ ఇదే పని, వచ్చేపోయే చుట్టాల మధ్య కూర్చుని పొద్దున్నుంచి పదిసార్లు మెసేజ్ పెట్టింది, బాబాయ్ వస్తుందా, బాబాయ్ నా వైపు పోర్టు మూసి ఉందని చూపిస్తోంది, మా లైనోడిని అడిగితే తెరవడం కుదరదంటున్నాడు, నీ వైపన్నా తెరిపించు, ఇద్దరిలో ఒక్కరిది తెరుచుకున్నా చాలు అని, మా లైనోడు అంటోంది, అక్కడుంది అసలు తంటా, ఈ ఊళ్ళో ఇంటర్నెట్‌కి కూడా రెండు లైన్లు, టీ బంకులు రెండు, ఎరువుల కొట్లు రెండు, వినాయకుడి పందిళ్ళు రెండు, పార్టీకి ఒకటి, నెట్ వచ్చినప్పుడు కూడా వాళ్ళ లైను మన ఇంటికెందుకని ఈ పార్టీ వాళ్ళు మాచర్ల నుంచి జాషువాని పిలిపించి వేరే లైను లాగించుకున్నారు, రెండు వైర్లూ ఒకే కరెంటు స్తంభానికి కట్టారు, పక్కపక్కనే, మధ్యలో జానెడు కూడా ఉండదు, కాకి వచ్చి వాలితే ఒక కాలు వాళ్ళ వైరు మీద, ఒక కాలు వీళ్ళ వైరు మీద, అయినా ఇక్కడ బయల్దేరిన ఫైలు మాచర్ల పోవాలి, అక్కడి నుంచి హైదరాబాదో చెన్నైయో పోవాలి, అక్కడ చేతులు మారి మళ్ళీ గురజాల మీదుగా వాళ్ళ లైనులో దిగి అదే స్తంభం దగ్గరికి రావాలి, ఎంత దూరమో ఎవరు కొలిచారు, అన్నింటికీ కలిపి నాలుగిళ్ళు.

గడ్డం దురద పెడుతోంది, చెమట పడితే ఇంకా దురద, పదకొండు రోజుల గడ్డం, ఎవరూ పెంచమనలేదు, వదిన పోయిన రోజు పొద్దున్నే పక్కింటావిడ గోడ మీంచి చెప్పగానే భార్య అలివేలమ్మ దేవుడి దగ్గర వెలిగించబోయిన దీపం మానేసి అగ్గిపెట్టె తీసి అలమరలో పెట్టింది, తను బ్లేడు పక్కన పెట్టాడు, ఇద్దరూ ఏమీ అనుకోలేదు, మైల మాటల్ని చూసి పట్టదు, రక్తాన్ని చూసి పడుతుంది, మన పార్టీ టీ బంకు దగ్గర మనవాళ్ళు అడిగారు, ఏందయ్యా కేశవులూ, గడ్డం పెంచావు, ఆ ఇంటి మైల నీకేంది, మాటలే లేవు గదా అని, తలనొప్పిగా ఉండి గీసుకోలేదన్నాడు, పదకొండు రోజులు తలనొప్పేందయ్యా అని వాళ్ళు నవ్వితే టీ సగంలో వదిలేసి వచ్చాడు, మైల పట్టాడు గానీ మనిషిని చూడటానికి పోలేదు, ఆ రోజు డప్పులు మొదలవుతాయని తెలిసి ముందే చేలోకి వెళ్ళిపోయాడు, మిరప కట్టె పీకుతూ కూర్చున్నాడు, కోత అయిపోయిన చేలో ఆ రోజే పీకాల్సినంత పనేమీ లేదు, అయినా పీకాడు, వంగి పీకుతుంటే వాగు వైపు నుంచి పొగ లేచింది, మొదట నల్లగా, తర్వాత బూడిదరంగులో, గాలి లేక తిన్నగా పైకి పోయింది, చేతుల్లో మిరప కట్టె అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు, తనకి పన్నెండేళ్ళప్పుడు, తల్లి పోయిన ఇంట్లోకి కొత్తకోడలిగా వచ్చింది ఆవిడ, ఆ మొదటి రోజు రాత్రి అన్నం పెట్టి, ఏం మరిదీ, కూర్చుని తినకుండా నా మొహం చూస్తావేంది, నచ్చలేదా నీకు అంది, ఆ తర్వాత తను మారాం చేసి తినని రోజు లేదు, ఆవిడ తిట్టకుండా పెట్టిన రోజు లేదు, మాటల్లేని ఈ పన్నెండేళ్ళలో కూడా సందెవేళ దూడ తప్పిపోతే వీధిలోకి వచ్చి పిలిచేది, ఆ పిలుపు ఇక్కడి దాకా వచ్చేది, తను చేసే పని ఆపి వినేవాడు, ఒకరోజు నుంచి దూడని పిలిచే గొంతు అన్నయ్యది అయింది, అప్పుడు తెలిసింది, ఎవరినీ అడగలేదు, అడగడానికి ఎవరున్నారు.

ఫ్యాను రెక్కలు కనబడ్డం మొదలైంది, కరెంటు పోయింది, కంప్యూటరు కింద బ్యాటరీ డబ్బా కీచుమని అరిచి రెండు నిమిషాలకు అది కూడా చచ్చింది, తెర నల్లబడింది, తెరలో తన మొహమే కనబడింది, గడ్డంతో అచ్చం అన్నలాగా ఉన్నాడు, లేచి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు, కూర్చున్నాడు, లేచి నీళ్ళు తాగాడు, వంటింట్లోంచి అలివేలమ్మ తల ఇటు తిప్పకుండానే, ఏమయ్యా, కాలుగాలిన పిల్లిలాగా ఏందా తిరుగుడు, పోయిందా ఫైలు అంది, కరెంటు పోయింది, కరెంటు పోకముందు పోయిందా, లేదు, మూడు రోజుల నుంచి కూర్చున్నావు, నేనైతే ఈపాటికి మాచర్ల పోయి పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చేదాన్ని, మోయిన్ కూడా మొన్న అదే అన్నాడు, అరవై నాలుగు జీబీది ఉంటదన్నా, ఏసుకుని ఇచ్చేయ్ అన్నాడు, ఇచ్చేయ్ అన్న మాట దగ్గరే ఉంది ఇబ్బంది, ఎవరు ఇవ్వాలి, ఎవరి చేత పంపాలి, ఈ గడపలోంచి ఆ గడపలోకి చీపురుపుల్ల పోయినా రెండు టీ బంకుల్లోనూ సాయంత్రం దాకా అదే మాట, అందుకని పోర్టులు, నంబర్లు, ఎర్ర గుండ్రాలు, ఇవైతే ఎవరికీ కనబడవు, కరెంటు పన్నెండున్నరకి వచ్చింది, రూటరు మీద లైట్లు ఒకటొకటిగా వెలిగాయి, మోయిన్ చెప్పిన ప్రకారం రూటర్ కింద అంటించిన చీటీ మీది పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళాడు, ఈ నంబరు మీద ఏదొచ్చినా ఈ కంప్యూటరుకి పంపించు అని నిన్న రాసి పెట్టిన వరస చూశాడు, రాసింది ఐదో నంబరు కంప్యూటరుకి, ఇప్పుడు తన కంప్యూటరు నంబరు ఏడు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటరు ఇంట్లో వాళ్ళకి కొత్త నంబర్లు పంచుతుందట, నిన్నటి నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టు ఎవరూ లేని ఐదో నంబరుకి పంపిస్తూ కూర్చుంది, దాని నమ్మకానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఏడు అని మార్చాడు, ఇక మారకుండా ఏడునే కట్టేయమన్న చోట కట్టేశాడు, మోయినూ అయిపోయింది రా ఇప్పుడు పోతది అని వాడికి మెసేజ్ పెట్టాడు, అల్లా దయ అన్నా అని వాడు బదులిచ్చాడు, గీత చూశాడు, సున్నా.

ఒకవేళ ఫైలే పాడైందేమో, ఎన్నిసార్లు కరెంటు పోయిందో, తెరిచి చూడాలి, ఈ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా తెరవలేదు, భవిత అడిగింది కూడా, మొత్తం ఎందుకు బాబాయ్, అమ్మ ఉన్న ముక్క వరకు కత్తిరించి వాట్సాప్‌లో పెట్టు చాలని, కత్తిరించడం రాదన్నాడు, నేర్చుకుంటే పది నిమిషాల పని, కత్తిరించాలంటే చూడాలి, చూడాలంటే వినాలి, తెరిచాడు, మధ్యలో ఎక్కడో నొక్కాడు, గీతలు గీతలుగా బొమ్మ, పందిట్లో పెట్రోమాక్సు లైటు, ఎవరెవరో పోయినవాళ్ళు నడుస్తున్నారు, వంకాయ రంగు చీరలో ఒక మనిషి వీపు, తల తిప్పుతూ, ఒరేయ్ కెమెరా అబ్బాయ్, తిండి తినేవాళ్ళ నోళ్ళు తీస్తావేందిరా, పెళ్ళికొడుకుని తియ్యి, మొహం చూడు, ఏదో పోగొట్టుకున్నవాడిలాగా ఉన్నాడు, పందిరంతా నవ్వు, ఆ నవ్వులో ఆమెదే పెద్దది, ఠక్కున మూసేశాడు, ఫైలు బాగానే ఉంది, బాగానే ఉంది అని పైకే అన్నాడు.

రెండు దాటింది, జాషువాకి ఫోను చేశాడు, ఎత్తలేదు, మళ్ళీ చేశాడు, అన్నా, స్తంభం మీదున్నా, చెప్పు అన్నాడు, అన్నీ తెరిచాను జాషువా, ఫైర్‌వాల్ తీశాను, రూటర్లో రాశాను, అయినా బయట నుంచి నా కంప్యూటరు కనబళ్ళేదంటోంది, ఏందిది, నీ దగ్గరేం తప్పు లేదన్నా అన్నాడు జాషువా, మన లైనోళ్ళందరికీ కలిపి బయటికి ఒకటే అడ్రస్సు, నూట నలభై ఇళ్ళు, లోపల్నుంచి బయటికి ఎవరు పోయినా పోతారు, బయట నుంచి వచ్చినోడికి మాత్రం ఏ ఇంటికి పోవాలో తెలవదు, పై ఆపీసులోనే ఆపేస్తారు, వాళ్ళ లైను కూడా అంతే, ఆ పిల్ల వైపు కూడా మూసినట్టే, నువ్వు ఎన్ని తలుపులు తీసుకున్నా లాభం లేదు, మరి ఇప్పుడెట్లా, సొంత అడ్రస్సు కావాలని అర్జీ పెడితే వారంలో ఇస్తారు, వారమా, నాలుగింటికి పోవాలి రా అది, నాలుగింటికి ఎక్కడికన్నా, ఎక్కడికని చెబుతాడు, చెప్పకపోయినా జాషువాకి అర్థమైనట్టే ఉంది, ఆ ఊళ్ళో పదేళ్ళ నుంచి రెండు లైన్ల స్తంభాలూ ఎక్కుతున్న మనిషి, మెల్లగా, అన్నా, ఇప్పుడు నేనున్నది మీ వీధి స్తంభం మీదే, ఇక్కడి నుంచి మీ ఇల్లూ కనబడుతోంది, షామియానా కూడా కనబడుతోంది, అంతకంటే ఏం చెప్పను అని పెట్టేశాడు.

ఫోను కింద పెట్టకముందే భవిత, ఈసారి మెసేజ్ కాదు, ఫోనే, వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో ఆవిడ అమ్మమ్మ సంచి ఏదర్రా అంటోంది, బాబాయ్, మామయ్య కారు మూడున్నరకే తీస్తానంటున్నాడు, రాదా ఇంక, పోనీలే బాబాయ్, నువ్వు మాత్రం ఏం చేస్తావు, అమ్మమ్మకి నేను సర్ది చెబుతా అంది, ఏం సర్ది చెబుతుంది, కళ్ళు లేని ముసలావిడకి, మళ్ళీ వస్తుందో రాదో తెలియని ఆవిడకి, అమ్మా భవితా, ఉండు, నాలుగు గంటల వీడియోలో మీ అమ్మ ఎక్కడుందో వెతకాలి గదా, కత్తిరించే పని చూస్తా అన్నాడు, వెతకనక్కర్లేదు బాబాయ్, అప్పగింతలకి కొంచెం ముందంట, అరుగు మీద కూర్చుని పాడిందంట, చుట్టూ ఆడవాళ్ళంట, నువ్వు పెళ్ళిబట్టలతోనే వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నావంట, అమ్మ పాడుతూ పాడుతూ నీ నెత్తి మీద మొట్టిందంట, అదే కావాలి, చెన్నకేశవులికి అరుగు కనబడింది, మొట్టికాయ కూడా తగిలింది, ఇవన్నీ నీకెట్లా తెలుసు, నువ్వప్పటికి పుట్టలేదు గదా, మీ అమ్మ చెప్పిందా, అమ్మ కాదు బాబాయ్, నాన్న చెప్పాడు, ఆ పాట మీ బాబాయ్ క్యాసెట్లో ఉంటది, వాడు పారేసే మనిషి కాదు, అడుగు, ఇస్తాడు అన్నాడు, నీకు ముందే చెప్తే నువ్వు ఇబ్బంది పడతావని చెప్పలేదు, ఉంటా బాబాయ్, అమ్మమ్మ పిలుస్తోంది.

వాడు పారేసే మనిషి కాదు, అడుగు, ఇస్తాడు, అన్న గొంతుతోనే ఆ మాటలు చెవిలో తిరిగాయి, కోటయ్య అన్నయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అన్నీ ముక్కలే, ఇస్తాడు, ఆ ఒక్క ముక్క కోసం ఇన్నేళ్ళూ చెవి అటే పెట్టుకుని కూర్చున్నట్టుంది, అప్పుడు తలుచుకోకూడదనుకున్నది తనంతట తనే కళ్ళ ముందుకొచ్చి కూర్చుంది, పంచాయతీ ఎన్నికల లెక్కింపు రోజు, బడి వరండా, సర్పంచిగా నిలబడ్డది అలివేలమ్మ అన్న, అవతలి పార్టీకి ఏజెంటు తన అన్న, కేకలు, బెంచీలు తోసుకోవడం, కిటికీ పక్కన నిలబడ్డ బావ చేతిలో సగం ఇటుక, చెయ్యి పైకి లేవడం, విసరడం, అంతా తన కళ్ళముందే, మూడు అడుగుల దూరంలో, అన్న కనుబొమ్మ మీద నుంచి నెత్తురు చొక్కా గుండీల దాకా కారింది, ఏడు కుట్లు, కేసు గురజాల కోర్టుకి ఎక్కింది, చూసినవాడు తనొక్కడే, వాయిదా రోజు కోర్టు మెట్ల పక్కన వదిన వచ్చి ఎదురుగా నిలబడింది, కేశవులూ, నిన్ను అబద్ధం చెప్పమంటం లేదయ్యా, చూసింది చెప్పు, అంతే చాలు మాకు అంది, తను తల ఊపాడు, ఊపి లోపలికి వెళ్ళి బోనులో నిలబడి వెనక వరసలో బావ కళ్ళు చూసి, చూడలేదండి అన్నాడు, ఆ ఒక్క ముక్కతో కేసు పోయింది, బయటికి వచ్చేటప్పుడు అన్న తన పక్కనుంచే నడిచి వెళ్ళాడు, ఏమీ అనలేదు, వదిన అన్న వెనకాలే వెళ్ళింది, ఏమీ అనలేదు, ఆ తర్వాత పెళ్ళిళ్ళకి పిలుపుల్లేవు, పండగలకి పలకరింపుల్లేవు, పార్టీలు కదా అని ఊరు అనుకుంది, పార్టీలు కదా అని తనూ అనుకున్నాడు, అలా అనుకోవడం తేలిగ్గా ఉంది.

మూడు కావస్తోంది, ఏం చేస్తున్నాడో తెలిసేలోపే చేతులు కంప్యూటరు వెనక వైర్లు పీకుతున్నాయి, తెర వైరు, కీబోర్డు వైరు, రూటరు నుంచి వచ్చే పసుపు వైరు, అన్నీ ఊడొచ్చాక ఆ నల్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే మేకపిల్లంత బరువుంది, పక్కల్లోంచి వెచ్చటి గాలి ఇంకా వస్తోంది, గుమ్మంలో అలివేలమ్మ నిలబడి ఉంది, బయటికి పోయే చీర కట్టుకుని ఉంది, ఎప్పుడు కట్టుకుందో, అడ్డం వస్తుందనుకున్నాడు, పన్నెండేళ్ళుగా వాళ్ళ అన్న మాటకి ఈ ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడలేదు, ఆవిడ చేతిలో టీవీకి పెట్టే వైరు, మౌసుతో కలిపి చుట్ట చుట్టి ఉంది, ఆ ఇంట్లో ఇది ఉందో లేదో, ఇది కూడా పట్టుకుపో అంది, పోతున్నానని నీకెవరు చెప్పారు, పోయేవాడివి పదకొండు రోజుల కిందటే పోవాల్సింది, ఇంక అక్కడ నిలబడి నన్ను చూస్తావేంది, నడువు, నేను తలుపేసి వస్తన్నా, అంతే, ఇంకో మాట లేదు, మీ అన్న సంగతి అని తను అనబోయాడు గానీ ఆవిడ అప్పటికే తాళంకప్ప వెతుకుతోంది.

బయట ఎండ మొహాన కొట్టింది, వీధి తెల్లగా ఉంది, పెట్టెని రెండు చేతులతో పొట్టకి అదుముకుని నడుస్తున్నాడు, మొదటి ఇల్లు, కుక్క తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంది, రెండో ఇల్లు, మన టీ బంకు, బెంచీ మీద నలుగురు, ఏందయ్యా కేశవులూ, రిపేరుకా, ఇటేం పోతున్నావు, మాచర్ల బస్సు అటు గదా అన్నాడొకడు, తల అటు తిప్పలేదు, ఓయ్, నిన్నే, అన్నాడు, తర్వాత వెనకాల మాటలు ఆగిపోయాయి, అట్లా ఆగిపోవడం తనకి తెలుసు, తనూ ఆ బెంచీ మీద కూర్చుని ఎన్నోసార్లు ఆపాడు, మూడో ఇల్లు, చేతులు జారుతున్నాయి చెమటకి, ఏమంటాడు అన్న, అందరి ముందూ పో అంటే, ఈ పెట్టె పెట్టుకుని ఎటు తిరగాలి, పో అనే హక్కు ఉంది, ఎప్పుడన్నా అన్నాడా, ఎప్పుడన్నా ఆ ఇంటి నుంచి ఎవరన్నా రావద్దు అన్నారా, వెతికాడు, కోర్టు మెట్ల దగ్గర వెతికాడు, వీధిలో ఎదురుపడ్డ రోజుల్లో వెతికాడు, వదిన దూడని పిలిచిన సాయంత్రాల్లో వెతికాడు, ఎవరైనా, ఎవరి చేతనైనా చెప్పి పంపారా, లేదే, షామియానా నీడ కాళ్ళ మీద పడింది, కుర్చీలు కదిలిన చప్పుడు, తింటున్నవాళ్ళు విస్తళ్ళ మీద చేతులు ఆపారు, గుండు చేయించుకున్న మనిషి ఒకడు లేచి నిలబడ్డాడు, కనుబొమ్మ మీద ఏడు కుట్ల మచ్చ ఎండకి తెల్లగా మెరిసింది, గడ్డం వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, ఏందిరా, ఇంత పెట్టెని మోసుకొచ్చావు, పెన్‌డ్రైవ్‌లు దొరకలేదా అన్నాడు అన్న, ఎండలో నిలబడ్డావేంది, టీవీ నడవలో ఉంది, అత్త అక్కడే కూర్చుంది, పెట్టు, అని అటు జరిగి దారి ఇచ్చాడు, భవిత పరుగెత్తుకొచ్చి వైరు అందుకుంది, నడవలో నులకమంచం మీద ఈపూరు అత్త అడుగుల చప్పుడుకి మొహం ఇటు తిప్పి, ఎవరర్రా అంది, చెన్నకేశవులు నేల మీద కూర్చుని పెట్టెకి వైర్లు ఒకటొకటీ గుచ్చుతున్నాడు, పొద్దుటి నుంచి ఒక్కచోట నిలవని చేతులు ఇప్పుడు నిదానంగా, ఏ వైరు ఎక్కడ పెట్టాలో వాటికే తెలిసినట్టు పెడుతున్నాయి, ఇన్నేళ్ళూ ఈ గడప ముందు తనకి అడ్డం నిలబడ్డది అన్న కాదు, పార్టీ కాదు, బావ కూడా కాదు, బోనులో నిలబడి తను అన్న ఆ ఒక్క ముక్క, దాన్ని దాచుకుని ఈ వీధిలో నడవలేక అటు దారి మూసుకున్నది తనే, అంతే, ఇంక వెతకాల్సిందేమీ లేదు, ముందు అత్తకి పాట వినిపించాలి, పాట అయిపోయాక అన్న ముఖం చూసి, ఆ రోజు చూశాను అన్నయ్యా, అని చెప్పాలి, ఎవరున్నా సరే, ఈ పూటే.